సోవా తాత నడుం నొప్పి

శుక్రవారం పొద్దున పది గంటల పది నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ దేదెయ్ టేబుల్ మీద మూడే ఉన్నాయి. ఒక ఫోటో, ఒక పాత కెమెరా, మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టి ఉడికించిన వేడి వేడి కెంకే పిండి ముద్ద. టేబుల్‌కి అవతల సోవా తాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, పోస్టాఫీసులో ఎవరూ తీసుకెళ్ళని పార్శిల్‌లా కూర్చున్నాడు.

"తిను తాతా. చల్లారిపోతే మామ్మ నన్ను లోపలేస్తుంది."

"వేస్తుంది," అన్నాడు తాత చాలా సీరియస్‌గా. "నేను యాభై ఏళ్ళుగా బెయిలు మీదే ఉన్నా."

డెబ్భై ఏళ్ళ మనిషి. రిటైరైన పోస్ట్‌మ్యాన్. మీద పడిన కేసు మాత్రం పాతికేళ్ళ రౌడీ స్థాయిది. నిన్న, గురువారం పొద్దున ఆరూ యాభైకి, సముద్రం ఒడ్డున లేస్తున్న 'ఓషన్ క్రౌన్' అనే బిల్డింగులో పదో శ్లాబు కోసం కట్టిన సెంట్రింగ్ కూలింది. ఒక కూలీకి కాలు విరిగింది. తొమ్మిదో అంతస్తులో దాన్ని మోయడానికి నిలబెట్టిన ఇనుప జాకీలను సోవా తాతే విప్పేశాడని కంపెనీ ఫిర్యాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు వ్యాన్ వస్తుంది. వ్యానెక్కితే కోర్టు, కోర్టు దాటితే జైలు. అక్కడ సిమెంటు నేల మీద పడుకుంటే ఆ నడుం మళ్ళీ లేవదని దేదెయ్‌కి తెలుసు. చిన్నప్పుడు తనకి ఉత్తరాలొచ్చే వయసు రాకముందే, రోజూ ఒక ఖాళీ కవరు తెచ్చి "మేడమ్, మీకే" అని చేతిలో పెట్టి వెళ్ళిన మనిషి ఈయన.

"నిన్న ఆరూ యాభైకి ఎక్కడున్నావ్?"

"గోడ మీద."

"ఏ గోడ?"

"సముద్రం గోడ. నా పాదాల మీద."

ఆ పాదాల సంగతి పేటలో అందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట తాత ఆ గోడ మీద పసుపు రంగుతో రెండు పాదాలు గీసుకున్నాడు. రోజూ పొద్దున ఆరూ నలభైకి సరిగ్గా వాటి మీద నిలబడి, లేస్తున్న బిల్డింగుకి ఒక్క ఫోటో తీస్తాడు. అదొక్కటే కాదు. అక్రా నగరంలో కడుతున్నవీ, కూలుస్తున్నవీ కలిపి ఇరవై ఆరు బిల్డింగుల బాగోగులు ఆయన చూసుకుంటున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమివ్వరు. నలభై ఒక్క నోటు పుస్తకాలు నిండాయి. ఎక్కడైనా ఒక ఇటుక పక్క ఇటుకతో మాట్లాడితే సాయంత్రానికల్లా అది తాత పుస్తకంలోకి ఎక్కుతుందని చెప్పుకుంటారు. ఓ కాంట్రాక్టరు మూడంతస్తులు కట్టి మెట్లు పెట్టడం మర్చిపోతే తాతే గుర్తు చేశాడంటారు. ఎందుకింత శ్రమ అని అడిగితే ఒకటే మాట: "నేను ఉత్తరాలిచ్చిన ఇళ్ళమ్మా అవన్నీ. ఇల్లు పోయినా అడ్రసు పోకూడదు."

"అయితే నిన్న కూడా గోడ మీద నుంచి ఫోటో తీశావ్."

"తీశా. బాగా రాలేదు." తాత నడుం మీద చెయ్యేసుకున్నాడు. "రెండు వారాలైంది. కుడి పక్కకి వంగిపోతున్నా. నిటారుగానే నిలబడ్డాననుకుంటా, ఫోటో చూస్తే బిల్డింగు వెనకున్న చర్చి సిలువ ఉండాల్సిన చోట ఉండట్లా. మీ మామ్మ రాత్రీ పగలూ షియా గింజల వెన్న రుద్దుతోంది. ఇంకో వారం రుద్దితే నన్ను చేపలతో పాటు బాణట్లో వేయించుకోవచ్చు."

దేదెయ్ కెమెరా తీసి చూసింది. దాని లెక్కలో ఇంకా 2009 జనవరి ఒకటో తారీఖు నడుస్తోంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా అది కొత్త సంవత్సరం జరుపుకుంటుంది. తేదీ విషయంలో దాని సాక్ష్యం ఏ కోర్టులోనూ నిలబడదు.

ఫోటో ముందుకు జరిపింది. తొమ్మిదో అంతస్తు. వెనక వరసగా జాకీలు. కింద దూరంగా ఇసుక తీరం, పడవలు. ముందు సోవా తాత, రెండు చేతులూ చాపి, మిగిలిన మూడు పళ్ళతోనూ నవ్వుతున్నాడు.

"ఇది నువ్వేనా?"

"నేనే. బాగా పడ్డా."

"ఎప్పుడు తీశారు?"

తాత కెంకే ముద్ద విప్పడం మొదలెట్టాడు. ఒక్కో ఆకూ రిజిస్టర్డ్ పోస్టు విప్పినంత జాగ్రత్తగా.

"ఎవరు తీశారు తాతా?"

"చెప్పనని మాటిచ్చా తల్లీ."

"ఎవరికి?"

"అది చెప్తే చెప్పేసినట్టేగా." కళ్ళెత్తి చూశాడు. "వాడికి ముగ్గురు పిల్లలు. ఉద్యోగం పోతే అడ్రసు కూడా ఉండదు."

తలుపు తోసుకుని చీఫ్ ఇన్‌స్పెక్టర్ బరిమా లోపలికొచ్చాడు. పెద్దాఫీసు నుంచి ఈ కేసు కోసమే దిగిన మనిషి. ఊరు కుమాసి, సముద్రానికి సగం రోజు ప్రయాణం. చొక్కా ఎంత గట్టిగా ఇస్త్రీ చేసి ఉందంటే, ఈగ వాలితే జారిపడి కాలు విరగ్గొట్టుకుంటుంది. నోట్లో ఎప్పుడూ అల్లం బిళ్ళ.

"దేదెయ్ మేడమ్, టిఫిన్లు పెడుతున్నారా, విచారణ చేస్తున్నారా?"

"రెండూ చీఫ్. మీకూ పెట్టనా?"

"ఘటన జరిగిన చోటే నిలబడి, కెమెరాకి నవ్వుతూ ఫోటో దిగాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత సహకరించే ముద్దాయిని నేను చూళ్ళేదు. ఇంకేం విచారిస్తారు?"

"ఫోటో మీద తేదీ లేదు."

"చేతులు మారి ఫోన్‌లోకొచ్చింది, తేదీ ఊడిపోయింది. గురువారం ఆరూ యాభైకి తీసిందేనని ఇంజినీర్ ఆంపోన్సా రాసిచ్చాడు. పైగా ఆ బిల్డింగు లేచాక వీళ్ళింటికి గాలాగిపోయింది. కారణం కూడా దొరికినట్టేగా!"

"గాలి కోసం తొమ్మిది అంతస్తులెక్కాడంటారు. చీఫ్, మన స్టేషన్‌కి మూడు మెట్లున్నాయి. నిన్న అవి ఎక్కడానికి ఈయనకి పదకొండు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూశా."

"మధ్యలో ఆగి మెట్ల కొలతలు రాసుకున్నాగా," అన్నాడు తాత నొచ్చుకుంటూ. "ఒకటి పొట్టిది. ఎవరూ చెప్పలేదా మీకు?"

*

పదకొండుంపావుకి ఇద్దరు పోలీసులూ సైటు గేటు దగ్గరున్నారు. ఇంజినీర్ ఆంపోన్సా తెల్ల హెల్మెట్‌తో ఎదురొచ్చాడు. అతనిదీ కుమాసే. బరిమాని చూడగానే మొహం వెలిగింది.

"గేటు ఎన్నింటికి తీస్తారు?" దేదెయ్ అడిగింది.

"ఆరున్నరకి."

"బస్తాలు ఎక్కించే లిఫ్టు?"

"జనరేటర్ ఏడింటికి వేస్తాం. అప్పటిదాకా మెట్లే."

"సంతోషం. చీఫ్, పదండి, మెట్లే ఎక్కుదాం."

బరిమాకి నలభై రెండేళ్ళు. తొమ్మిది అంతస్తులెక్కడానికి ఎనిమిదిన్నర నిమిషాలు పట్టింది. నాలుగో అంతస్తులో ఇస్త్రీ పోయింది, ఆరో అంతస్తులో మాట పోయింది, తొమ్మిదో అంతస్తుకి మనిషిలో పదవి ఒక్కటే మిగిలింది.

"ఇరవై నిమిషాల్లో సోవా తాత ఇవన్నీ ఎక్కి, జాకీలు విప్పి, ఫోటోకి నవ్వాడన్నమాట," అంది దేదెయ్.

"కోపం... మనిషిని... మోసుకెళ్తుంది," అన్నాడు బరిమా, గోడ పట్టుకుని.

పైన విరిగిన ప్లైవుడ్డు, వంగిన ఇనుప చువ్వలు. మేస్త్రి లార్యే ఒక మూల టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి. పోలీసులను చూసి చూపు దించుకున్నాడు.

"జాకీలు బిగించింది ఎవరు?"

"నేనే మేడమ్. బుధవారం సాయంత్రం ఐదింటికి ఒక్కోటీ తూకం గుండు వేసి, నిటారు చూసి మరీ దిగా. పొద్దున పడినవి చూస్తే..." టోపీ ఇంకా గట్టిగా నలిపాడు. "అన్నీ ఒకే పక్కకి ఒరిగిపోయున్నాయి. ఎవరో చెప్పి పడుకోబెట్టినట్టు."

"విప్పేస్తే అలాగే పడతాయి," అన్నాడు ఆంపోన్సా వెంటనే.

బరిమా ఊపిరి పీల్చుకుని, మర్యాద గుర్తొచ్చి, జేబులోంచి అల్లం బిళ్ళల పొట్లం తీసి దేదెయ్‌కి చాపాడు. ఆమె తీసుకోబోతే ఒకటి జారి నేల మీద పడింది. పడ్డ చోట ఆగలేదు. గుండ్రంగా దొర్లింది. జాకీల మధ్య నుంచి, సిమెంటు మరకల మీదుగా, పని ఉన్న మనిషిలా తిన్నగా చర్చి వైపు అంచు దాకా వెళ్ళి, కిందికి దూకేసింది.

"సాక్షి పరారీ," అన్నాడు బరిమా. "రాసుకోండి మేడమ్."

దేదెయ్ ఆ అంచు దాకా వెళ్ళి కిందికి చూసింది. సరిగ్గా కిందే తాత భార్య కోర్కోర్ మామ్మ పెరడు. మూడు పెద్ద కుండలు, పొగ, చుట్టూ మనుషులు. బిళ్ళ ఎవరి కెంకేలో పడిందో తెలియలేదు.

ఆమె వెనక్కొచ్చి, సంచిలోంచి ఫోటో తీసి, తాత నిలబడిన చోటే నిలబడింది. ఫోటోని ఎదురుగా పట్టుకుని సముద్రం వైపు చూసింది. అదే గోడ, అదే మలుపు, అదే తీరం. తీరం మీద ఇప్పుడు ఏడు పడవలున్నాయి. మిగిలినవి ఇంకా రాలేదు.

ఫోటోలో వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత నవ్వింది. పక్కనున్న లార్యే ఆ నవ్వు చూసి కళ్ళు మూసుకున్నాడు.

"ఇంజినీర్ గారూ, ఇది గురువారం ఆరూ యాభైకి తీసిందే కదా?"

"రాసిచ్చాగా."

"మీరు కళ్ళారా చూశారా?"

"చూశా."

"సంతోషం. చీఫ్, ఈ తీరంలో ఎన్ని పడవలున్నాయో చెప్తారా?"

బరిమా ఫోటో తీసుకుని లెక్కపెట్టాడు. "నలభై మూడు. అయితే?"

"ఈ ఒడ్డుకి మొత్తం ఉన్నవే నలభై మూడు. ఒక్కటీ నీళ్ళలో లేదు. వలలు కూడా ఆరేసి, కుట్టుకుంటున్నారు, చూడండి."

"పడవలు ఒడ్డున ఉండటం నేరమా?"

"గురువారం పొద్దున ఆరూ యాభైకి నేరమే చీఫ్. ఇంట్లో ఆడాళ్ళు ఊరుకోరు. తెల్లవారుజామున వెళ్ళిన పడవలు ఆ టైముకి సముద్రం మధ్యలో ఉంటాయి. వారంలో ఒక్కరోజే ఇక్కడ ఏ పడవా కదలదు. ఆ రోజు సముద్రానికి సెలవు. ఎవడైనా వల వేశాడంటే పెద్దలు వల లాక్కుంటారు, వాడి పెళ్ళాం వాణ్ణి లాక్కుపోతుంది. అది మంగళవారం. పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు."

బరిమా మెల్లగా ఆంపోన్సా వైపు తిరిగాడు. "నీకు తెలీదా?"

"సార్, మన ఊళ్ళో సముద్రం ఎక్కడిది..."

"నాకూ తెలీదు," అన్నాడు బరిమా. "అయితే నేను కళ్ళారా చూశానని రాసివ్వలేదు."

అప్పుడు లార్యే చేతిలోని టోపీ నేల మీద పెట్టాడు.

"మంగళవారమే మేడమ్. ఫోటో తీసింది నేనే. ఆ రోజు తాత పుట్టినరోజు. మూడేళ్ళుగా రోజూ కింద గోడ మీద నిలబడి, పనికొస్తుంటే 'ఎంతవరకొచ్చింది నాయనా' అని అడుగుతాడు. మా అమ్మ ఆరోగ్యం కూడా అంత క్రమం తప్పకుండా ఎవరూ అడగలేదు. డెబ్భై నిండాయి కదా, ఒకసారి పైనుంచి చూపిద్దామని ఏడున్నరకి బస్తాల లిఫ్టులో ఎక్కించా. పైకొచ్చి ఏం చేశాడో తెలుసా? ఊరంతా చూసి, ఒక్కో ఇంటివైపూ వేలు పెట్టి, ఆ ఇంటోళ్ళ పేర్లు చెప్పాడు. ఇప్పుడు లేని ఇళ్ళవి కూడా. నేనే ఆ ఫోటో మా పనివాళ్ళ గ్రూపులో పెట్టా. బయటివాళ్ళని ఎక్కిస్తే ఉద్యోగం పోద్ది, ఎవరికీ చెప్పకు తాతా అన్నా."

"ఆయన చెప్పలేదు," అంది దేదెయ్. "జైలుకి సిద్ధపడ్డాడు కానీ నీ పేరు చెప్పలేదు."

లార్యే మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. సిమెంటు పట్టిన పెద్ద చేతులు. మొహమంతా సరిపోయింది.

బరిమా ఆంపోన్సాని కిందికి నడవమన్నాడు, కంటైనర్ ఆఫీసులో కూర్చుని కదలొద్దన్నాడు. తర్వాత దేదెయ్ పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు:

"గెలిచారు మేడమ్. ముసలాయన్ని వదిలేయండి, కాగితం నేనే సంతకం పెడతా. కానీ నాకో ముక్క చెప్పండి. ఎవరూ విప్పకపోతే జాకీలెందుకు పడ్డాయి?"

అది మంచి ప్రశ్న. ప్రత్యర్థి అడిగిన మంచి ప్రశ్నంత చిరాకైంది ఇంకోటుండదు. మెట్లు దిగుతున్నంతసేపూ అది ఆమె చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

*

పన్నెండూ ఇరవైకి తాత చేతికి కెమెరా ఇచ్చి, సంతకం పెట్టించుకుంది. తాత కాగితం మొత్తం చదివి, స్టేషన్ అడ్రసులో ఒక తప్పు దిద్ది, అప్పుడు పెట్టాడు.

"లార్యేకి ఉద్యోగం ఉందా?"

"ఉంది. చీఫ్ గారు హామీ."

"ఆ చొక్కా మనిషి మంచోడే." తాత లేచి, నడుం పట్టుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "తల్లీ, ఇవాళ్టి ఫోటో తీయలేదు. మూడేళ్ళలో మొదటిసారి. మీ మామ్మ పురుళ్ళు కూడా నేనింత శ్రద్ధగా చూళ్ళేదు. కాస్త గోడ దాకా వస్తావా? పట్టుకుంటే నిటారుగా నిలబడతా."

మధ్యాహ్నం ఎండలో ఇద్దరూ మెల్లగా నడిచారు. చాలా మెల్లగా. వెనక వచ్చిన ఒక మేక విసుగెత్తి దాటిపోయింది. గోడ మీద పసుపు పాదాలు అరిగిపోయి, మడమల దగ్గర మాత్రమే రంగు మిగిలింది. తాత చెప్పులు విడిచి, వాటిలోకి తన పాదాలు దూర్చాడు. దేదెయ్ ఆయన నడుం రెండు చేతులా పట్టుకుంది. ఎముకలు పిట్టలా తేలిగ్గా ఉన్నాయి.

"నిటారుగా ఉన్నానా?"

"జెండా కర్రలా ఉన్నావ్."

తాత కెమెరా ఎత్తాడు. నొక్కలేదు. దించేశాడు.

"చూశావా, మళ్ళీ వంగిపోయా. మూడేళ్ళుగా బిల్డింగుకి ఎడమ పక్క, వెనకాల చర్చి సిలువ, మధ్యలో అరచెయ్యంత ఆకాశం ఉండేది. ఇవాళ సిలువే లేదు. వయసైపోయింది తల్లీ. ఇంక నేను తీయకూడదేమో. తప్పు ఫోటోలు తీస్తే ఆ పుస్తకాలన్నీ తప్పైపోతాయి."

"జరుగు తాతా. నేను నిలబడతా."

దేదెయ్ బూట్లు విప్పి పసుపు పాదాల మీద నిలబడింది. ముప్పై నాలుగేళ్ళ నడుం, ఏ వెన్నా అక్కర్లేనిది. బిల్డింగు వైపు చూసింది.

సిలువ లేదు.

ఆమె కెమెరాలో పాత ఫోటోలు వెనక్కి తిప్పింది. నిన్నటిది: సిలువ అంచు మాత్రమే, గోరంత. మంగళవారం: సగం. దానికి ముందు వారం: సిలువ పూర్తిగా ఉంది, పక్కన వేలెడు ఆకాశం. రెండు వారాల కిందటిది: అరచెయ్యంత. మళ్ళీ ముందుకి నొక్కింది, త్వరత్వరగా. ఎవరో తెర లాగుతున్నట్టు, బిల్డింగు అంచు జరుగుతూ వచ్చి సిలువని మింగేసింది.

అల్లం బిళ్ళ గుర్తొచ్చింది. తిన్నగా చర్చి వైపు దొర్లిన బిళ్ళ. చెప్పి పడుకోబెట్టినట్టు ఒకే పక్కకి ఒరిగిన జాకీలు. ఫిర్యాదు రాయడానికి అంత తొందరపడ్డ ఇంజినీరు.

ఆమె మొహం చూసి తాత కెమెరా అందుకున్నాడు. ఒక్కో ఫోటో చూశాడు. ముప్పై ఐదేళ్ళు అడ్రసులు చదివిన కళ్ళు, తప్పు వీధిలో పడ్డ ఉత్తరాన్ని గుర్తుపట్టే కళ్ళు. ఆయన చెయ్యి నడుం మీద నుంచి మెల్లగా జారిపోయింది. రెండు వారాల తర్వాత మొదటిసారి, ఎవరూ పట్టుకోకుండా, తిన్నగా నిలబడ్డాడు.

"దేదెయ్," అన్నాడు. చిన్నప్పటి తర్వాత పేరు పెట్టి పిలవడం అదే. "వంగింది నా నడుం కాదమ్మా."

బిల్డింగు ఒరుగుతున్న ఎడమ పక్కనే, దాని నీడలో, కోర్కోర్ మామ్మ గోడ మీదున్న మొగుణ్ణి చూసి పెరట్లోంచి ఒక్క కేక వేసి, రెండు చేతులూ ఊపి, ఆయన కోసం కొత్త కుండ పొయ్యి మీద పెట్టడానికి వంగింది.